ఆపిల్ చెట్టు పెంపకం: రకం ఎంపిక నుంచి కాయ కోత దాకా

ఆపిల్ చెట్టును పెంచాలనుకునేవారు సాధారణంగా ఎరువుల గురించి, మందుల గురించి ముందుగా అడుగుతారు. నిజానికి ఆ చెట్టు కాస్తుందా, కాయదా అన్నది చాలావరకు గుంత తవ్వకముందే తేలిపోతుంది. ఆ చోటి చలికి తగిన రకాన్ని ఎంచుకున్నామా, దానిని ఏ వేరుమూలం (అంటుకు కింద వేర్లనిచ్చే మొక్క) మీద అంటు కట్టారో తెలుసుకున్నామా, దానికి పుప్పొడి అందించే మరో రకం చెట్టు దగ్గరలో ఉందా, నేలలో నీరు నిలవకుండా ఇంకిపోతుందా అన్న నాలుగు ప్రశ్నలకు సరైన జవాబు ఉన్నచోట ఒక మోస్తరు సంరక్షణతోనే చెట్టు నిలదొక్కుకుంటుంది. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ తరువాత ఎన్ని ఎరువులు వేసినా ఆ లోటు పూడదు. అందువల్ల నాటడానికి ముందు తీసుకోవలసిన నిర్ణయాలకూ, పూత, పిందె దశలకూ ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చి, మిగిలిన పనులను అవసరమైన మేరకే వివరిస్తాను.

చలి లెక్క

నేడు తోటల్లో పెరిగే ఆపిల్‌కు ప్రధాన మూలమైన అడవి జాతి మాలస్ సీవర్సీ. అది మధ్య ఆసియాలోని తియాన్ షాన్ పర్వతాల వాలుల్లో ఇప్పటికీ పెరుగుతోంది. కజకిస్తాన్‌లోని అల్మాటీ పరిసరాల్లో ఉన్న ఆ అడవులను రష్యన్ వృక్షశాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ 1929లో పరిశీలించి, ఆపిల్ పుట్టిల్లు అదేనని భావించాడు. 2010లో వెలువడిన ఆపిల్ జన్యుక్రమం కూడా ఆ అభిప్రాయాన్నే బలపరిచింది. దీర్ఘమైన శీతాకాలం ఉండే ఆ కొండల్లో, నడుమ వచ్చే ఒకటి రెండు వెచ్చని రోజులకే మొగ్గ విచ్చుకుంటే వెనువెంటనే కురిసే మంచుకు అది మాడిపోతుంది. కాబట్టి తగినంత కాలం చలిని అనుభవిస్తే తప్ప మొగ్గలు నిద్ర లేవని స్వభావం ఈ చెట్టుకు అబ్బింది, ఆ స్వభావాన్ని అది ఎక్కడికి తీసుకుపోయినా వదలలేదు.

ఈ చలి అవసరాన్ని గంటల్లో లెక్కిస్తారు. శీతాకాలంలో ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువగా ఉన్న గంటలన్నిటినీ కూడితే వచ్చేదే చలి గంటల సంఖ్య. ప్రసిద్ధమైన చాలా రకాలకు 800 నుంచి 1200 వరకు చలి గంటలు కావాలి. అవి అందనప్పుడు చెట్టు చావదు గానీ దాని నడక చెడుతుంది: ఆకులు ఆలస్యంగా, కొమ్మ చివర్లలో మాత్రమే వస్తాయి, కొమ్మ మధ్యభాగం బోడిగా మిగులుతుంది, పూత ఒకేసారి రాక వారాల తరబడి విడతలు విడతలుగా వస్తుంది. శీతాకాలం మధ్యలో పగటి వేడి 16 డిగ్రీలు దాటే రోజులు ఎక్కువైతే, అంతకుముందు కూడిన చలిలో కొంత భాగం రద్దయినట్టే లెక్కించే పద్ధతి కూడా ఉంది. పగలు వెచ్చగా, రాత్రి చల్లగా ఉండే ప్రాంతాలకు ఈ రెండవ లెక్కే వాస్తవానికి దగ్గరగా ఉంటుంది.

చలి తక్కువగా ఉండే ప్రాంతాల కోసం 200 నుంచి 400 గంటలతో సరిపెట్టుకునే రకాలు ఉన్నాయి. ఇజ్రాయెల్‌లో రూపొందించిన అన్నా, బహామాస్‌లో దొరికిన డోర్సెట్ గోల్డెన్, హిమాచల్ ప్రదేశ్‌లో వెలుగుచూసిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 ఇటువంటివే. అయితే ఈ రకాలను అతి చల్లని చోట నాటడం కూడా పొరపాటే. వాటి చలి అవసరం శీతాకాలం సగంలోనే తీరిపోవడం వల్ల కొద్దిపాటి వెచ్చదనానికే అవి పూతకు వచ్చి, చివరి మంచు రాత్రులకు పూలన్నీ పోగొట్టుకుంటాయి. కాబట్టి సమీపంలోని వాతావరణ కేంద్రం నుంచి గడిచిన కొన్నేళ్ల శీతాకాలపు ఉష్ణోగ్రతలు తెచ్చుకుని, సగటును మాత్రమే గాక అన్నిటికంటే వెచ్చగా గడిచిన ఏడాదిని కూడా చూసి, ఆ ఏడాది సైతం చాలినంత చలి అందే రకాన్ని ఎంచుకోవడం మేలు.

విత్తనం కాదు, అంటు

పండు తిని విత్తనం నాటితే మొక్క వస్తుంది, కానీ ఆ పండు రాదు. ఆపిల్ తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందడానికి సాధారణంగా ఒప్పుకోదు. అందువల్ల ప్రతి విత్తనంలోనూ రెండు వేరు వేరు చెట్ల లక్షణాలు కలగలిసి ఉంటాయి, పుట్టే మొక్కల్లో అత్యధిక భాగం చిన్నవీ, పుల్లవీ, వగరువీ అయిన కాయలు కాస్తాయి. విత్తు మొక్క నుంచి మేలైన రకం బయటపడడం అరుదైన అదృష్టం. ఆస్ట్రేలియాలో 1868లో మరియా ఆన్ స్మిత్ ఇంటి ఆవరణలో తానై మొలిచిన మొక్క గ్రానీ స్మిత్ కావడం, ఇంగ్లండ్‌లోని సౌత్‌వెల్‌లో 1809 ప్రాంతంలో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే బాలిక నాటిన విత్తనం బ్రామ్లీ కావడం అలాంటి సంఘటనలు. ఆ తరువాత ప్రపంచంలో పెరిగిన ప్రతి గ్రానీ స్మిత్ చెట్టూ ఆ మొదటి చెట్టు కొమ్మ నుంచి అంటుల పరంపరగా వచ్చినదే. విత్తనాన్ని తడి ఇసుకలో రెండు మూడు నెలలు 4, 5 డిగ్రీల చలిలో ఉంచి మొలిపించడం ఆసక్తికరమైన పనే. కానీ పండు కోసం చెట్టు పెంచేవారికి అది మార్గం కాదు.

అంటు మొక్కలో రెండు చెట్లు ఉంటాయి. పైభాగం పండు రుచిని, రంగును నిర్ణయిస్తే, కింది భాగమైన వేరుమూలం చెట్టు ఎత్తును, కాపుకు వచ్చే వయసును, నేలను తట్టుకునే శక్తిని నిర్ణయిస్తుంది. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రం 20వ శతాబ్దపు తొలి దశకాల్లో యూరప్ అంతటా వాడుకలో ఉన్న వేరుమూలాలను సేకరించి, వర్గీకరించి, సంఖ్యలు ఇచ్చింది. నేటి వేరుమూలాల పేర్లలో కనిపించే ఎం అన్న అక్షరం ఆ మాలింగ్‌దే. నర్సరీలో రకం పేరు మాత్రమే చెప్పి వేరుమూలం పేరు చెప్పలేకపోతే ఆ మొక్కను కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ చెట్టుకు ఎంత ఎడం ఇవ్వాలో, ఊతం కావాలో అక్కరలేదో చెప్పేది ఆ పేరే.

ఎం9 మీద కట్టిన చెట్టు రెండున్నర, మూడు మీటర్లకు మించదు, నాటిన రెండు మూడేళ్లకే కాయడం మొదలుపెడుతుంది; అయితే దాని వేర్లు పైపైనే ఉండి పెళుసుగా విరుగుతాయి కాబట్టి జీవితాంతం కర్ర ఊతమో తీగల ఊతమో తప్పనిసరి, నీటి ఎద్దడిని అది అసలు ఓర్చుకోదు. ఎంఎం106 మీద చెట్టు నాలుగైదు మీటర్ల వరకు పెరిగి మూడు నాలుగేళ్లకు కాపుకు వస్తుంది, ఇంటి పెరడుకూ చిన్న తోటకూ అనువైనది. నీరు నిలిచే నేలలో మాత్రం మొదలు కుళ్లు తెగులుకు త్వరగా లొంగిపోతుంది. తేలిక నేలల్లో, నీటి వసతి అంతంతమాత్రంగా ఉన్నచోట ఎంఎం111 నమ్మదగినది. ఈ చివరి రెండూ నార్తర్న్ స్పై అనే రకంతో సంకరపరచి తయారుచేసినవి కావడం వల్ల వేర్ల మీద ఉన్ని పేనుబంకను తట్టుకుంటాయి. విత్తు మొక్క మీద కట్టిన అంటు ఆరు మీటర్లకు పైగా ఎదిగి, కాయడానికి ఆరు నుంచి పదేళ్లు తీసుకుంటుంది. దానిని నాటేవారికి ఓపికతో పాటు పొడవాటి నిచ్చెన కూడా ఉండాలి.

సొంతంగా అంటు కట్టదలచినవారు చెట్టు పూర్తిగా నిద్రావస్థలో ఉన్నప్పుడు, గడచిన ఏడాది పెరిగిన పెన్సిల్ మందపు రెమ్మలను కోసి, తడి గుడ్డలో చుట్టి చల్లగా భద్రపరచాలి. వేరుమూలంలో రసం కదలడం మొదలైనప్పుడు సమానమైన మందం గల రెండు కాండాలను ఏటవాలుగా కోసి, నాలుక వంటి చీలికలతో ఒకదానిలో ఒకటి దూర్చి, రెండింటి బెరడు కింద ఉండే పలుచని ఆకుపచ్చ పొర కనీసం ఒకవైపైనా కలిసేటట్టు కట్టి గాలి చొరకుండా మూయాలి. ఆ పొర కలవకపోతే ఎంత గట్టిగా కట్టినా అంటు పట్టదు.

పువ్వు, దాని జత

ఆపిల్ మొగ్గ గులాబీ రంగులో ఉండి, విచ్చుకున్నకొద్దీ తెల్లబడుతుంది. ఒక్కొక్క గుత్తిలో ఐదారు పూలు ఉంటాయి. నడిమి పువ్వు అన్నిటికంటే ముందు విచ్చుకుంటుంది, అన్నిటికంటే పెద్ద కాయ కూడా సాధారణంగా దాని నుంచే వస్తుంది. పువ్వుకు ఐదు ఆకర్షణ పత్రాలు, సుమారు ఇరవై కేసరాలు, ఐదు కీలాలు (పుప్పొడి లోపలికి దిగే సన్నని కాడలు) ఉంటాయి. ఐదు కీలాలకు దిగువన ఐదు గదులు, గదికి రెండు చొప్పున పది అండాలు ఉంటాయి. పండును అడ్డంగా కోస్తే కనిపించే ఐదు కోణాల నక్షత్రం ఆ గదులే. వృక్షశాస్త్రం ప్రకారం అసలైన ఫలం ఆ నడిమి బొడ్డు మాత్రమే. మనం తినే కండ అండాశయాన్ని చుట్టి ఉన్న పుష్పపు కింది భాగం ఉబ్బి ఏర్పడినది. ఈ నిర్మాణం తోటమాలికి ఎందుకు ముఖ్యమంటే, విత్తనాలు ఎక్కువ కట్టిన వైపు కండ బాగా ఉబ్బుతుంది, కట్టని వైపు ఉబ్బదు. వంకరగా, ఒకవైపు నొక్కుకుపోయినట్టు ఉన్న కాయను కోసి చూస్తే ఆ వైపు గదుల్లో విత్తనాలు లేకపోవడం తరచుగా కనిపిస్తుంది. అది ఎరువు లోపం కంటే పుప్పొడి లోపం కావడానికే ఎక్కువ అవకాశం ఉంది.

పువ్వు తన సొంత పుప్పొడిని గుర్తుపట్టి, ఆ పుప్పొడి నాళం కీలంలో పెరగకుండా అడ్డుకుంటుంది. ఒకే రకానికి చెందిన చెట్లన్నీ ఒకే చెట్టు నుంచి అంటుల ద్వారా వచ్చినవి కాబట్టి, గాలా అనే రకం చెట్లు వంద పక్కపక్కన ఉన్నా పువ్వు దృష్టిలో అవన్నీ ఒకే చెట్టు. గాలాకు రాయల్ గాలా కూడా పనికిరాదు, ఎందుకంటే రాయల్ గాలా దాని కొమ్మలోనే రంగు మారి పుట్టిన రూపం. అందువల్ల అదే సమయంలో పూసే, జన్యుపరంగా వేరైన మరో రకం కావాలి. గోల్డెన్ డెలిషియస్ పుప్పొడి పుష్కలంగా ఇచ్చే రకంగా పేరు పొందింది. పూలకోసం పెంచే చిన్న కాయల క్రాబ్ ఆపిల్ చెట్లు కూడా ఈ పనికి చక్కగా ఉపయోగపడతాయి. అన్నా నాటినవారు డోర్సెట్ గోల్డెన్‌ను జతగా పెట్టడం పరిపాటి, ఎందుకంటే రెండూ ఒకే కాలంలో పూస్తాయి. జొనాగోల్డ్, ముత్సు, బ్రామ్లీ వంటి కొన్ని రకాలకు క్రోమోజోముల సెట్లు రెండుకు బదులు మూడు ఉండడం వల్ల వాటి పుప్పొడి దాదాపు పనికిరానిది. వాటిని పెంచదలచినవారు ఒకదానికొకటి పుప్పొడి ఇచ్చుకోగల మరో రెండు రకాలను కూడా నాటాలి, లేకపోతే ఆ మూడిట్లో ఏదో ఒకటి కాయకుండా మిగులుతుంది.

తోటలో ప్రతి మూడో వరుసలో ప్రతి మూడో చెట్టును జత రకంగా పెడితే ప్రతి ప్రధాన చెట్టుకూ ఒక పుప్పొడి చెట్టు పక్కనే ఉన్నట్టవుతుంది. పెరట్లో ఒక్క చెట్టుకే చోటున్నవారు దాని కొమ్మ ఒకదానికి వేరొక రకాన్ని అంటు కట్టుకోవచ్చు. అదీ కుదరని ఏడాది జత రకపు పూలకొమ్మలను కోసి, నీటి డబ్బాలో పెట్టి చెట్టు మధ్య వేలాడదీసినా కొంత ఫలితం ఉంటుంది.

ఈ పుప్పొడి బరువుగా, జిగురుగా ఉంటుంది కాబట్టి గాలికి చేరదు, తేనెటీగలే మోయాలి. చల్లగా, ముసురుగా ఉన్నప్పుడు, అంటే 12, 13 డిగ్రీలకు లోపు, తేనెటీగలు పెట్టె వదిలి పెద్దగా రావు. జపాన్ ఆపిల్ తోటల్లో పెంచే ఒంటరి తేనెటీగ ఆస్మియా కార్నిఫ్రాన్స్ అంతకంటే చల్లని వాతావరణంలోనూ పనిచేస్తుంది. తేనెటీగల పెట్టెలను హెక్టారుకు రెండు నుంచి ఐదు వరకు పెట్టవచ్చు. అయితే వాటిని మరీ ముందుగా తెస్తే చుట్టుపక్కల ఉన్న ఇతర పూలకు అలవాటు పడతాయి, కాబట్టి తోటలో పదింట ఒక వంతు పూలు విచ్చుకున్నాక తేవాలి. పూత ఉన్నన్నాళ్లు పురుగుమందు చల్లకూడదు. ఈ నియమానికి మినహాయింపు లేదనే అనుకోవాలి.

పూర్తిగా విచ్చుకున్న పూలు మైనస్ 2.2 డిగ్రీల వద్ద పదింట ఒక వంతు, మైనస్ 3.9 డిగ్రీల వద్ద పదింట తొమ్మిది వంతులు చనిపోతాయి. రెండింటి మధ్య తేడా రెండు డిగ్రీలలోపే కావడం వల్ల, చల్లగాలి జారి నిలిచే పల్లపు చోటును వదిలి కాస్త వాలుగా ఉన్న చోట నాటడమే అన్ని రక్షణ పద్ధతుల కంటే చౌకైనది. మంచు పడిన మరునాడు పువ్వును నిలువునా కోసి చూస్తే, నడిమి భాగం నల్లబడినది చచ్చిన పువ్వు. మొత్తం పూలలో పదింట ఒక వంతు కంటే తక్కువ కాయ కట్టినా చెట్టుకు నిండు కాపు వస్తుంది కాబట్టి, ఒక రాత్రి మంచుకే ఆశ వదులుకోనక్కరలేదు.

నేల, నాటడం

నేల ఉదజని సూచిక (పీహెచ్) 6.0 నుంచి 6.8 మధ్య ఉంటే మంచిది, కానీ దానికంటే ముందు చూడవలసింది మురుగు పారుదల. రెండడుగుల లోతు గుంత తీసి, నీరు నింపి, అది ఇంకాక మళ్లీ నింపాలి. రెండోసారి పోసిన నీరు ఒక రోజులో ఇంకకపోతే అక్కడ ఎత్తు మడి వేసి నాటాలి లేదా ఆ చోటును వదిలేయాలి. ఇంతకుముందు ఆపిల్ చెట్టు తీసేసిన గుంతలోనే కొత్త ఆపిల్ మొక్క పెడితే, పాత వేర్లతో పెరిగిన శిలీంధ్రాలూ నులిపురుగులూ కొత్త వేర్లను ఎదగనీయవు. వీలైతే కొన్ని మీటర్లు పక్కకు జరగాలి.

మట్టిలేని వేర్లతో వచ్చే మొక్కలను చెట్టు నిద్రావస్థలో ఉండగా, మొగ్గలు ఉబ్బకముందే నాటాలి. వేర్లను కొన్ని గంటలు నీటిలో నానబెట్టి, చిరిగిన వాటిని శుభ్రంగా కోసి, గుంతలో వేర్లు మెలి తిరగకుండా పరచాలి. గుంత లోతు కంటే వెడల్పు ముఖ్యం. అంటు కట్టిన బుడిపె నేలకు 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున ఉండితీరాలి. అది మట్టిలో కూరుకుపోతే పై రకం సొంత వేర్లు వేసుకుని, వేరుమూలం ఇవ్వవలసిన పొట్టితనం పూర్తిగా పోతుంది. గుంతలో రసాయన ఎరువు వేయకుండా తవ్వితీసిన మట్టినే తిరిగి నింపి, నీరు పెట్టి, పైన ఎండుగడ్డి కప్పాలి. ఆ కప్పు కాండానికి తగలకూడదు, తగిలితే ఎలుకలు అందులో చేరి బెరడు కొరుకుతాయి. ఎంఎం106 చెట్ల మధ్య నాలుగు మీటర్లు, ఎంఎం111కు ఐదు మీటర్లు, ఎం9కు వరుసలో ఒకటి నుంచి ఒకటిన్నర మీటర్ల ఎడం సరిపోతుంది.

కత్తిరింపు

నాటిన వెంటనే, కొమ్మలు లేని మొక్కను నేల నుంచి 75, 80 సెంటీమీటర్ల వద్ద తుంచాలి. ఆ కోత కింద వచ్చే చిగుళ్లలో నిటారైనదాన్ని నడిమి కాండంగా ఉంచి, చుట్టూ నాలుగైదు కొమ్మలను వేరు వేరు ఎత్తుల్లో పెరగనిచ్చి, కాండంతో 45 నుంచి 60 డిగ్రీల కోణం వచ్చేటట్టు లేత వయసులోనే కర్రపుల్లలతోనో తాళ్లతోనో వంచాలి. నిటారు కొమ్మ ఆకులు పెంచుతుంది, వంచిన కొమ్మ కాయలు పెంచుతుంది. కొమ్మకూ కాండానికీ మధ్య కోణం మరీ ఇరుకైతే బెరడు లోపలికి ముడుచుకుపోయి, కాపు బరువుకు ఆ కొమ్మ చీలిపోతుంది. మొదటి రెండేళ్లలో వచ్చిన పిందెలను తీసేయడం మనసుకు కష్టమే అయినా, పొట్టి వేరుమూలాల మీద ఆ పని చేయకపోతే చెట్టు ఎదుగుదల అక్కడే ఆగిపోతుంది.

ఆపిల్ కాపు ఎక్కువగా రెండేళ్లు, అంతకు పైబడిన కొమ్మల మీద వచ్చే పొట్టి ఫల రెమ్మల మీద ఉంటుంది. వాటి చివర ఉండే లావైన, నూగుతో కూడిన మొగ్గ పూమొగ్గ, కొమ్మకు అతుక్కున్న సన్నని మొగ్గ ఆకుమొగ్గ. ఈ రెంటినీ గుర్తుపట్టడం రానిదే కత్తెర పట్టకూడదు. కొన్ని రకాలు కొమ్మ చివర్లలో కాస్తాయి, వాటి కొసలను తుంచితే ఆ ఏటి పంటను తుంచినట్టే. శీతాకాలపు కత్తిరింపులో ముందుగా ఎండినవి, తెగులు సోకినవి, ఒకదానిపై ఒకటి రాసుకునేవి తీసి, తరువాత లోపలికి వెలుతురు వచ్చేటట్టు పలుచన చేయాలి. ఎంత గట్టిగా కోస్తే వసంతంలో అంత జోరుగా నీటి కొమ్మలు, అంటే నిటారుగా దూసుకొచ్చే కొమ్మలు, లేస్తాయి. వాటిని అదుపు చేయడానికి మరుసటి శీతాకాలం దాకా ఆగకుండా వేసవిలోనే, లేతగా ఉండగా చేత్తో పెరికేయడం మేలు. వేసవి కత్తిరింపు చెట్టు జోరును తగ్గిస్తుంది, కాయలకు ఎండ తగలనిచ్చి రంగు తెస్తుంది. సంవత్సరాల తరబడి వదిలేసిన ముసలి చెట్టును ఒక్క ఏడాదిలో చక్కబెట్టాలనుకోకుండా ఆ పనిని మూడేళ్లకు పంచుకోవాలి.

పిందెలు తీయడం

ఇది కొత్తవారు చేయడానికి వెనుకాడే పని, నా దృష్టిలో ఏడాది మొత్తంలో అన్నిటికంటే విలువైన పని. వచ్చే ఏటి పూమొగ్గలు ఈ ఏటి పూత రాలిన కొద్ది వారాలకే రూపుకట్టడం మొదలవుతాయి. సరిగ్గా అదే సమయంలో ఈ ఏటి పిందెల్లోని విత్తనాలు జిబ్బరెల్లిన్లు అనే హార్మోన్లను విడుదల చేస్తాయి, అవి పూమొగ్గలు ఏర్పడకుండా అడ్డుపడతాయి. చెట్టు నిండా కాయలు వదిలేసిన తోటలో మరుసటి ఏడు పూత రాకపోవడానికి, ఆ తరువాతి ఏడు మళ్లీ విరగకాయడానికి కారణం ఇదే. ఏడు విడిచి ఏడు కాసే ఈ అలవాటులో ఒకసారి పడిన చెట్టును తిరిగి దారికి తేవడం చాలా కష్టం.

కొన్ని పిందెలను చెట్టు తనంతట తానే రాల్చుకుంటుంది, కానీ అది చాలదు. ఆ సహజమైన రాలుడు కోసం ఎదురుచూసి ఆలస్యం చేయడం కంటే, పిందెలు రెండు సెంటీమీటర్ల లావుకు రాకముందే, పూత నిండుగా విచ్చుకున్న నాటి నుంచి 40 రోజుల లోపు పని ముగించాలి. గుత్తికి ఒక్క పిందెనే, వీలైతే నడిమి పిందెనే ఉంచి, కొమ్మ వెంట కాయకూ కాయకూ మధ్య 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎడం వచ్చేటట్టు మిగిలినవి తీసేయాలి. ఒక మంచి కాయను పెంచడానికి సుమారు 30, 40 ఆకులు కావాలన్న లెక్క గుర్తుంటే చెయ్యి వెనుకాడదు. తొడిమను వేళ్ల మధ్య పట్టి పిందెను పక్కకు తుంచాలి గానీ కిందికి లాగకూడదు, లాగితే ఫల రెమ్మే ఊడివస్తుంది.

నీరు, ఎరువు

ఎరువు ఎంత వేయాలో చెప్పే కొలబద్ద చెట్టు మీదే ఉంటుంది. కాపుకు వచ్చిన చెట్టు కొమ్మ చివరలు ఏడాదికి 20 నుంచి 40 సెంటీమీటర్లు పెరుగుతుంటే దానికి నత్రజని చాలినంత అందుతున్నట్టే, అంతకంటే ఎక్కువ పెరుగుతుంటే తగ్గించాలి. నత్రజని మితిమీరితే కాయలకు రంగు రాదు, నిల్వ ఉండవు, లేత చిగుళ్ల మీద తెగుళ్లు విజృంభిస్తాయి. వేసవి చివర్లో వేసిన నత్రజని కొమ్మలను ముదరనీయక శీతాకాలపు దెబ్బకు గురిచేస్తుంది. బాగా చివికిన పశువుల ఎరువు, ఎండుగడ్డి కప్పు ఉన్న పాదులో పెరడు చెట్టుకు వేరే ఎరువు తరచుగా అక్కరలేదు.

కాయ తొక్క కింద గోధుమ రంగు మచ్చలు, చేదు రుచి కనిపిస్తే అది కాయలో సున్నం (కాల్షియం) తక్కువైనందువల్ల వచ్చే చేదు మచ్చ. నేలలో సున్నం ఉన్నప్పటికీ నీరు ఒకసారి ఎండగట్టి ఒకసారి ముంచెత్తడం వల్ల అది కాయకు చేరదు. ఎదిగే కాయల మీద కాల్షియం క్లోరైడ్ ద్రావణాన్ని పలుచగా కొన్నిసార్లు పిచికారీ చేయవచ్చు గానీ, డ్రిప్ ద్వారా నేల తడి ఒకే తీరుగా ఉంచడం అంతకంటే ముఖ్యం.

చీడపీడలు

తడి వసంతం ఉండే ప్రాంతాల్లో అన్నిటికంటే నష్టం చేసేది వెంచూరియా ఇనీక్వాలిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే గజ్జి తెగులు. ఆకుల మీద ఆలివ్ రంగు వెల్వెట్ మచ్చలుగా మొదలై, కాయల మీద నల్లని పగుళ్లుగా మారుతుంది. రాలిన ఆకుల్లో శీతాకాలం గడిపి, వసంత వానలకు తన బీజాలను పైకి ఎగజిమ్ముతుంది. ఉష్ణోగ్రత 16 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటే ఆకు తొమ్మిది గంటలపాటు తడిగా ఉన్నా చాలు, తెగులు సోకుతుంది. ఈ జీవితచక్రం తెలిస్తే వైద్యం ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలుస్తుంది: రాలిన ఆకులను ఊడ్చి తీసేయాలి, లేదా ఆకు రాలే సమయంలో 5 శాతం యూరియా ద్రావణం చల్లి అవి త్వరగా చివికేటట్టు చేయాలి. మందు పిచికారీ వానకు ముందు రక్షణగా పనిచేస్తుందే తప్ప, మచ్చలు కనిపించాక చల్లడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు. లిబర్టీ, ఫ్లోరినా, ప్రైమా వంటి రకాలకు జపాన్‌కు చెందిన మాలస్ ఫ్లోరిబండా నుంచి వచ్చిన నిరోధక శక్తి ఉంది. ఆ నిరోధకాన్ని దాటగలిగిన శిలీంధ్ర తెగలు కొన్ని పుట్టుకొచ్చినా, పెరడు చెట్టుకు ఇవి మంచి ఎంపికలే.

పూత సమయంలో వెచ్చని తడి వాతావరణం ఉంటే అగ్గి తెగులు (ఫైర్ బ్లైట్) పువ్వుల ద్వారా చొరబడి, చిగుళ్లను కాలినట్టు నల్లబరచి, వాటి కొసలను కొక్కెంలా వంచుతుంది. తెగులు కనిపించిన చోటికి 20 నుంచి 30 సెంటీమీటర్ల దిగువన, పొడి వాతావరణంలో, ప్రతి కోతకూ కత్తెరను 70 శాతం ఆల్కహాల్‌తో తుడుస్తూ కోసి కాల్చివేయాలి. బూడిద తెగులు సోకిన తెల్లని కొసలను శీతాకాలంలోనే తుంచేస్తే చాలావరకు తగ్గుతుంది. కాయను తొలిచి విత్తనాల దాకా పోయే కాడ్లింగ్ మాత్ పురుగుకు, పిందెలు పలుచన చేసిన వెంటనే కాయలకు కాగితపు సంచులు తొడగడం చిన్న తోటలో కచ్చితంగా పనిచేసే ఉపాయం. పెద్ద తోటల్లో లింగాకర్షక బుట్టలు పెట్టి రెక్కల పురుగుల రాకను గమనించాలి. శాన్ హోసే పొలుసు పురుగు కొమ్మలకు బూడిద పూసినట్టు అంటుకుని ఉంటుంది, మొగ్గలు పచ్చని మొన చూపే దశలో 2 శాతం తోట నూనె పిచికారీతో అది ఊపిరాడక చస్తుంది. తెల్లని ఉన్నిలా కనిపించే పేనుబంకకు అఫెలినస్ మాలి అనే చిన్న పరాన్నజీవి కందిరీగ సహజ శత్రువు, విచక్షణ లేని మందులు ముందుగా చంపేది దానినే.

కోత, నిల్వ

ఎరుపు రంగు చూసి కోయకూడదు, కొన్ని రకాలు పక్వానికి నెల ముందే ఎర్రబడతాయి. ఎరుపు వెనుక ఉన్న నేపథ్యపు రంగు గడ్డి పచ్చ నుంచి లేత పసుపుకు తిరిగిందా, విత్తనాలు గోధుమ రంగుకు వచ్చాయా, కాయను అరచేతిలో ఎత్తి కొద్దిగా తిప్పితే తొడిమతో సహా సులభంగా ఊడివస్తోందా అన్నవి చూడాలి. రకాన్ని బట్టి పూత నుంచి కోతకు పట్టే కాలం కూడా ఒక దారి చూపుతుంది: గాలాకు సుమారు 110 నుంచి 120 రోజులు, రెడ్ డెలిషియస్‌కు 140 నుంచి 150, ఫుజీకి 170కి పైగా. మరింత నిక్కచ్చిగా తెలుసుకోవాలంటే కాయను అడ్డంగా కోసి పలుచని అయోడిన్ ద్రావణంలో ముంచాలి. పిండిపదార్థం ఉన్నచోట నల్లబడుతుంది, చక్కెరగా మారినచోట తెల్లగా మిగులుతుంది, ఈ మార్పు బొడ్డు నుంచి బయటికి సాగుతుంది. నిల్వ కోసమైతే నలుపు సగం మిగిలి ఉండగానే కోయాలి, వెంటనే తినడానికైతే ఇంకొంత ఆగవచ్చు. పరీక్షించిన ముక్కను తినకూడదు.

కోసిన కాయ కూడా ఊపిరి పీలుస్తూ, ఎథిలీన్ వాయువును వదులుతూ పండుతూనే ఉంటుంది కాబట్టి కోత రోజునే చల్లని చోటికి చేర్చాలి. చాలా రకాలను 0 నుంచి 1 డిగ్రీ, 90 నుంచి 95 శాతం తేమలో ఉంచితే నెలల తరబడి నిలుస్తాయి. కాక్స్, బ్రామ్లీ వంటి రకాలు అంత చలికి లోపల గోధుమ రంగుకు తిరుగుతాయి, వాటికి 3, 4 డిగ్రీలు తగినవి. గాలిలోని ప్రాణవాయువును తగ్గించి, బొగ్గుపులుసు వాయువును కొంత పెంచితే ఈ కాలం ఇంకా పెరుగుతుందని కేంబ్రిడ్జ్‌లో ఫ్రాంక్లిన్ కిడ్, సిరిల్ వెస్ట్ 1920లలో చూపిన పద్ధతే నేటి పెద్ద గిడ్డంగులన్నిటికీ ఆధారం. ఇంట్లో అయితే చిల్లులున్న సంచులు చాలు. కమిలినవి, తొడిమ ఊడినవి, పురుగు పట్టినవి ముందుగా తినడానికి వేరుచేసి, నిక్షేపమైన కాయలను మాత్రమే నిల్వకు పెట్టి, క్యారెట్లను వాటి దగ్గర ఉంచకూడదు, ఎందుకంటే ఎథిలీన్‌కు అవి చేదెక్కుతాయి. నిల్వ పెట్టెలను వారానికోసారి తిరగేసి, మెత్తబడిన కాయ ఒక్కటి కనిపించినా వెంటనే తీసివేయాలి.